చిట్టాలో తప్పు ఎక్కడ పుట్టింది? ఖాతాల ప్రక్షాళనకు పూనుకునే దుకాణాలకు కొన్ని సూచనలు

(మా వాణిజ్య విలేఖరి)

ఒకే గ్రామంలో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు రైతులుండటం మన ప్రాంతంలో వింతేమీ కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి అలాటి ఇద్దరు ఏటా సరకు తెచ్చేవారు. వారిలో ఒకరి తేజ రకం మిర్చి అమ్ముడుపోయిన సొమ్ము 2,14,000 రూపాయలు రెండో ఆయన బ్యాంకు ఖాతాకు వెళ్లిపోయింది. నాలుగు రోజులు చూసి అసలు రైతు దుకాణానికి వచ్చాడు. "షావుకారు గారూ, నా పట్టీ డబ్బు ఇంకా పడలేదండీ" అన్నాడు. గుమాస్తా కంప్యూటరు తెరిచి, "పంపించామే! ఇదిగో, మీ పేరే" అన్నాడు. పేరు ఆయనదే. ఖాతా నంబరు మాత్రం రెండో ఆయనది. ఆ రెండో ఆయన అప్పటికే ఎరువుల కొట్టు బాకీ తీర్చేశాడు. షావుకారు తన సొమ్ములోంచి అసలు రైతుకు చెల్లించి, రెండో ఆయన వద్ద వాయిదాలు రాయించుకోవలసి వచ్చింది.

దుకాణం పేరు ఇక్కడ అనవసరం. నిజం చెప్పాలంటే రెండు మూడు చోట్ల చూసినవీ, విన్నవీ ఒకే దుకాణానికి కట్టి చెబుతున్నాను. దుకాణం లోపలి అంకెలు కూడా పాఠం బోధపడటానికి వేసుకున్నవే. కాని సంగతులలో ఏదీ యార్డుకు కొత్త కాదు.

బ్యాంకును నిందించి లాభం లేదన్నది ముందుగా గ్రహించాలి. నెఫ్ట్ పద్ధతిలో సొమ్ము జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే గాని పేరును బట్టి కాదు. డబ్బు పంపేముందు ఆ నంబరు ఎవరి పేరున ఉన్నదో చూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ సూచించింది. ఆ సదుపాయం మంచిదే. అయితే మన ఇద్దరు రైతుల విషయంలో అదీ అక్కరకు వచ్చేది కాదు. ఎందుకంటే ఇద్దరి పేరూ ఒకటే!

మొదటి ప్రయత్నం

ఈ దెబ్బతో షావుకారు గారికి పట్టుదల వచ్చింది. ఇద్దరు కుర్రవాళ్లను జీతానికి పెట్టి, ఖాతాలన్నిటినీ మొదటి నుంచి సరిచూసి మళ్లీ ఎక్కించమన్నారు. రెండు నెలలు పట్టింది. రెండుసార్లు ఉన్న పేర్లు తీసేశారు, అక్షర దోషాలు దిద్దారు, ఖాళీ గళ్లు నింపారు. కంప్యూటరు తెర చూడముచ్చటగా తయారయింది. మళ్లీ సీజను మొదలై మూడు నెలలు తిరిగేసరికి పరిస్థితి మొదటికి వచ్చింది.

పెద్ద కంపెనీలలో 'డేటా నాణ్యత' పేరిట లక్షలు పోసి చేసే కార్యక్రమాలు చాలావరకు ఇక్కడే దెబ్బ తింటాయి. ఇల్లంతా నీళ్లు తోడి పోస్తారు గాని, పైకప్పు ఎక్కడ కారుతున్నదో చూడరు. దుకాణంలో అప్పటికి ఉన్న తప్పులు దిద్దారు సరే, తప్పులు పుట్టే చోటు అలాగే ఉండిపోయింది. తెల్లవారితే కొత్తవి వస్తూనే ఉంటాయి.

రెండోసారి ఆ పని ఎలా సాగిందో కొంచెం వివరంగా చూద్దాం.

డబ్బు పోతున్న చోటే మొదలు

షావుకారు గారు ఈసారి కంప్యూటరు జోలికి వెళ్లలేదు. గడచిన ఆరు నెలలలో లెక్కల తప్పు వల్ల కలిగిన నష్టాలను ఒక తెల్ల కాగితం మీద గుమాస్తా చేత రాయించారు. తిరిగి వచ్చిన బ్యాంకు చెల్లింపులు, తప్పు మనిషికి వెళ్లినవి, శీతల గిడ్డంగి వారి లెక్కకూ మన లెక్కకూ తేడా వచ్చిన టిక్కీలు, జీఎస్టీ తేడా అంటూ కొనుగోలుదారు ఆపేసిన సొమ్ము, రకం తప్పు పడి రైతుతో వచ్చిన తగవులు. ఒక్కొక్క దాని ఎదుట రూపాయలు వేశారు. రూపాయలు కట్టలేని వాటికి, వాటిని చక్కబెట్టడానికి ఎన్ని రోజులు తిరిగారో రాశారు.

ఈ కాగితం లేకుండా పని మొదలుపెట్టవద్దని నా మనవి. అది లేకపోతే ఏది కంటికి ముందు కనిపిస్తే దాన్ని దిద్దుతూ కూర్చుంటాము. చిరునామాలో వీధి పేరు తప్పుంటే పోయేదేమీ లేదు, ఎవరూ ఆ వీధికి ఉత్తరం రాయడం లేదు. ఖాతా నంబరులో ఒక అంకె తప్పితే లక్షలు పోతాయి. పుస్తకంలో రెండూ తప్పులే గాని, వర్తకుడి దృష్టిలో సమానం కావు.

దుకాణం వారు పది రకాల తప్పులలో రెండింటినే ఆ ఏటికి ఎంచుకున్నారు. ఒకటి రైతు పేరు, బ్యాంకు ఖాతా. రెండవది సరకు రకం. మిగతావి వచ్చే ఏటికి వాయిదా. ఇలా వదులుకోవడం షావుకారు గారికి చాలా కష్టమనిపించిందట.

వంద చీటీల పరీక్ష

తరువాత కొలత. కాటా చీటీల కట్టలలోంచి, చేతికి వచ్చినట్టుగా, ఏరి పెట్టకుండా, వంద చీటీలు తీశారు. ఒక్కొక్క చీటీని కంప్యూటరులోని పద్దుతో పోల్చారు. నూటికి 17 పద్దులలో తప్పు కనిపించింది. పేరు, ఊరు, ఖాతా నంబరు విషయంలో 8. రకం విషయంలో 5. తూకం కూడికలో 3. తేదీ 1.

ఈ పరీక్షకు ఒక సాయంత్రం, ఇద్దరు మనుషులు చాలు. ఒకరు చదవాలి, మరొకరు చూడాలి. చీటీ రాసినవాడు, ఎక్కించినవాడు ఇద్దరూ కాని మూడో మనిషి అందులో ఒకడు కావాలి. ఈ 17 అనే అంకెను గోడ మీద రాసి పెట్టుకుంటే, ఆరు నెలల తరువాత పని జరిగిందా లేదా అన్న వాదనకు తావుండదు. మొదటి ప్రయత్నంలో ఇలాటి అంకె ఏదీ లేదు. అందుచేత రెండు నెలల జీతాలు దేనికి ఖర్చయినవో ఎవరూ చెప్పలేకపోయారు.

కాటా దగ్గర ఏమవుతున్నది?

ఇక తప్పులు పుట్టే చోటు. గుమాస్తా ఒక రోజంతా కాటా పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఆయన చూసిన వాటిని కొంత వివరంగానే చెప్పాలి.

సీజనులో లారీలు రాత్రిపూట దిగుతాయి. మిర్చి ఘాటుకు కళ్లు మండుతూ, తుమ్ముతూ, హమాలీలు తొందరపెడుతుండగా కాటా మనిషి చీటీ రాస్తాడు. కార్బను పెట్టి మూడు ప్రతులు. దుకాణానికి వచ్చేది మూడో ప్రతి, అన్నిటికంటె వెలిసిపోయినది. ఆ ప్రతిలో 334కూ 341కీ తేడా తెలియదు. రెండూ గుంటూరులో నడిచే రకాలే, రెండింటి ధర ఒకటి కాదు. రకం తప్పులు ఐదింటిలో నాలుగు ఇక్కడే పుట్టాయి. మందు చాలా చవకగా దొరికింది. దుకాణానికి రెండో ప్రతి ఇప్పించుకున్నారు. చీటీ మీద రకాల పేర్లు ముందే అచ్చు వేయించి, రాసే బదులు టిక్కు పెట్టమన్నారు. కంప్యూటరులో ఒక్క అక్షరమూ మార్చనక్కర లేకపోయింది.

పేర్ల సంగతి మరీ విచిత్రం. దుకాణంలోని సాఫ్టువేరు, కొత్త రైతు పేరు తెరిచేటప్పుడు పిన్‌కోడు, ఫోను నంబరు నింపకపోతే ముందుకు సాగనివ్వదు. డేటా బాగుండాలనే ఆ కట్టుబాటు పెట్టారు. చీటీ మీద ఆ వివరాలు ఉండవు. రాత్రి పది గంటలకు నలభై చీటీలు ముందేసుకున్న ఆపరేటరు ఏం చేస్తాడు? ప్రతి రైతుకూ 522001 అని గుంటూరు పిన్‌కోడే కొట్టాడు. ఫోను నంబరు దగ్గర దుకాణం నంబరే వేశాడు. ఏ గడీ ఖాళీగా లేదు. కంప్యూటరు సంతోషించింది. కాని పల్నాడు రైతులూ, ప్రకాశం రైతులూ అందరూ గుంటూరు నడిబొడ్డున కాపురమున్నట్టు తేలింది! ఆ కారణంగానే ఒకే పేరున్న ఇద్దరినీ విడదీసే గుర్తు ఏదీ లేకుండా పోయింది.

ఆ కుర్రవాడిది తప్పనలేము. లేని వివరం అడిగితే లేని వివరమే పుడుతుంది. 'తెలియదు' అని రాసుకోవడానికి చోటిచ్చి, అలా రాసిన వాటిని మర్నాడు రైతును అడిగి నింపడం మేలు. దుకాణం వారు చివరకు అలాగే చేశారు.

ఎవరి పూచీ?

కంప్యూటరు మనిషికి ఈ పని అప్పగించడం సర్వత్రా జరిగే పొరపాటు. ఇద్దరు వెంకటేశ్వర్లు ఒకరేనా, వేరా అన్నది ఆ మనిషికి తెలియదు. ముప్ఫై ఏళ్లుగా రైతుల ముఖాలు ఎరిగిన గుమాస్తాకు తెలుసు. కాబట్టి రైతుల జాబితాకు గుమాస్తానే పూచీదారుగా పెట్టారు. కొత్త పేరు తెరవడానికి ఆయన సంతకం తప్పనిసరి. తెరిచేముందు బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ నకలు, తండ్రి పేరు, రైతు సొంత ఫోను నంబరు తీసుకోవాలి. ప్రతి రైతుకూ ఒక నంబరు ఇచ్చి, చీటీ మీద పేరుతో పాటు ఆ నంబరు కూడా రాయాలన్నారు. చెల్లింపు జరిగేది ఆ నంబరును బట్టి.

గుమాస్తా మొదట ఒప్పుకోలేదు. "అయ్యగారూ, సీజనులో ఈ సంతకాలు నా వల్ల కాదు" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో ఎవరికీ ఊపిరి సలపదు. అందుచేత కొత్త పద్ధతిని మే నెలలో, యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు మొదలుపెట్టారు. గుమాస్తా చేతి కింది చిల్లర పనులు కొన్ని మరొకరికి అప్పగించారు. పూచీ ఇచ్చి, తీరిక ఇవ్వకపోతే పూచీ కాగితం మీదే ఉంటుంది.

జరిమానా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తప్పుకు యాభై రూపాయలు చొప్పున కోస్తామని షావుకారు గారు ఒక వారం ప్రకటించారు. ఆ వారం తప్పుల పుస్తకంలో ఒక్క తప్పూ నమోదు కాలేదు. ఆ వారమే ముగ్గురు రైతులు ఫిర్యాదుకు వచ్చారు. రెండో వారం జరిమానా రద్దయింది.

పాత ఖాతాలు కలపడంలో జాగ్రత్త

పాత పద్దులన్నిటినీ తిరగవేయనక్కర లేదు. బాకీ గాని, నిల్వ గాని ఉన్న ఖాతాలు చాలు. మూడేళ్లుగా కదలని వాటిని మూసి పక్కన పెట్టవచ్చు, చెరపకూడదు.

రెండుసార్లు ఉన్న పేర్లు కలిపేటప్పుడు చేయి ఆగాలి. ఒకే మనిషి రెండు ఖాతాలుగా ఉంటే కొంత గందరగోళం. ఇద్దరు మనుషులు ఒకే ఖాతాగా కలిసిపోతే అంతకంటె చాలా ముప్పు. విడిగా ఉన్నవాటిని ఎప్పుడైనా కలపవచ్చు గాని, కలిసిపోయిన జమా ఖర్చులను మళ్లీ విడదీయడం మహా కష్టం. మన ఇద్దరు రైతుల గొడవకు మూలం కూడా, మొదటి ప్రయత్నానికి ఎంతో ముందు, ఎవరో తొందరపడి ఇలా రెండు ఖాతాలు కలపడమే. తండ్రి, కొడుకు ఒకే ఫోను వాడతారు. అన్నదమ్ములు ఒకే లారీలో సరకు వేస్తారు. ఇంటిపేరు, పొడి అక్షరాలు, ఫోను మూడూ కలిసినా, బ్యాంకు ఖాతా కూడా కలిస్తే తప్ప కలపకూడదనీ, కలిపే ముందు ఇద్దరు మనుషులు సంతకం చేయాలనీ నియమం పెట్టారు.

వెనుకటి షావుకార్లు ఆవర్జాలో తప్పు పడితే గీకేవారు కాదు. అడ్డంగా ఒక గీత గీసి, పైన సరైన అంకె వేసి, పొడి సంతకం చేసేవారు. కంప్యూటరు వచ్చాక ఈ మర్యాద పోయింది. పాత అంకె మీద కొత్త అంకె కొడితే పాతది ఏమైందో ఎవరికీ తెలియదు. దిద్దిన ప్రతి పద్దుకూ పాత అంకె, తేదీ, కారణం, దిద్దినవారి పేరు ఉండే ఏర్పాటు సాఫ్టువేరు వారిని అడిగి చేయించుకోవలసిందే.

అంకె సరైనదే, మనిషి వేరు

జీఎస్టీ నంబరు విషయంలో చాలామందికి ఒక భరోసా ఉంది. 15 స్థానాలలో మొదటి రెండు రాష్ట్రం గుర్తు, తరువాతి పది పాన్ నంబరు, చిట్టచివరిది సరిచూపు గుర్తు. ఒక అక్షరం తప్పు కొడితే ఆ చివరి గుర్తు సరిపడక తప్పు బయట పడుతుంది. నిజమే. అయితే ఒకరి నంబరు బదులు మరొకరి నంబరును తప్పు లేకుండా కొడితే ఏ సరిచూపూ పట్టుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఒకే సంస్థకు గుంటూరులోనూ ఖమ్మంలోనూ నంబర్లున్నప్పుడు మధ్యలోని పాన్ ఒకటే కనుక పొరబడటం మరీ సులభం. అప్పుడు రాష్ట్రంలోపలి పన్ను పడవలసిన చోట అంతర్రాష్ట్ర పన్ను పడుతుంది, లేదా తారుమారవుతుంది.

నష్టం ఎంతో చూడండి. 100 క్వింటాళ్ల ఎండుమిర్చి, క్వింటాలు 15,000 రూపాయల చొప్పున అనుకుంటే సరకు విలువ 15 లక్షలు. 5 శాతం పన్ను 75,000. అమ్మినవారు దాఖలు చేసిన బిల్లు తన లెక్కలో కనిపిస్తే తప్ప కొన్నవారు ఆ పన్ను వాపసు వాడుకోరాదన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. మన తప్పు వల్ల కొన్నవారి లెక్కలో బిల్లు కనిపించకపోతే ఆయన 75,000 ఆపేస్తాడు. అడిగే హక్కు మనకు ఉండదు.

మాటకు అర్థం ఒకటేనా?

రాసిన అంకె సరిగానే ఉండి, దాని అర్థం మారినప్పుడు వచ్చే తప్పు అన్నిటికంటె మోసకారిది. 2012 జనవరి నెలకు పారిశ్రామికోత్పత్తి 6.8 శాతం పెరిగిందని ఆ మార్చిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఏప్రిల్‌లో దానిని 1.1 శాతంగా సవరించింది. పంచదార ఉత్పత్తి అంకె తప్పుగా చేరడమే కారణం. ఒక్క జనవరి ఉత్పత్తికి బదులు సీజను మొదలైన నాటి నుంచి మొత్తం లెక్క వచ్చి చేరింది. లెక్క పంపినవారి 'ఉత్పత్తి' వేరు, అందుకున్నవారి 'ఉత్పత్తి' వేరు.

పెద్దవారి మాట ఎందుకు, నా అనుభవమే ఉంది. ఈ పేజీకి నేను పని చేయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక రోజు యార్డు రాబడి ఫోనులో అడిగి అచ్చు వేశాను. అందులో ముందు రోజు అమ్ముడుపోని మిగులు కూడా కలిసి ఉంది. సరకు ముంచెత్తిందనుకుని మర్నాడు కొందరు కొనుగోలు ఆపుకున్నారట. తరువాత ఒక పెద్దాయన ఫోను చేసి, "బాబూ, నువ్వు రాసింది వచ్చిన సరకా, ఉన్న సరకా?" అని అడిగారు. నాటి నుంచి ఆ రెండూ విడిగా అడుగుతున్నాను. మీ దుకాణంలో 'నిల్వ' అంటే అమ్మకం కాని సరకా, అమ్ముడయ్యి లారీ ఎక్కని సరకు కూడా కలిపా? గుమాస్తానూ, ఆపరేటరునూ విడివిడిగా అడిగి చూడండి.

గోదాములో చూడండి

పుస్తకమూ పుస్తకమూ సరిపోవడంతో పని పూర్తయిందని అనుకోరాదు. 2013 జూలై 31న నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజి లావాదేవీలు నిలిచిపోయి, సుమారు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు ఆగిపోయిన సంగతి ఈ పేజీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గిడ్డంగులలో ఉన్నట్టు చూపిన సరకు ఉండవలసినంత లేదని తరువాత తేలింది. అది పొరపాటు కాదు, వేరే వ్యవహారం. కాని పరీక్షించే పద్ధతి రెండింటికీ ఒకటే: గిడ్డంగి తాళం తన చేతిలో లేని మనిషి వెళ్లి టిక్కీలు లెక్కించి రావాలి. మన దుకాణం వారు నెలకొకసారి, ముందు చెప్పకుండా, ఏవైనా ఐదు లాట్లు లెక్కిస్తున్నారు. ఒకసారి పుస్తకంలో 412, గిడ్డంగిలో 386 వచ్చాయి. దొంగతనమేమో అని కంగారుపడ్డారు. ఆ 26 టిక్కీలూ అదే రైతు తమ్ముడి పేరున, పక్క గదిలో దొరికాయి.

మళ్లీ సీజను వచ్చాక, వారానికొక సాయంత్రం వంద చీటీల పరీక్ష సాగింది. ఏప్రిల్ నాటికి తప్పులు 17 నుంచి 6కు దిగాయి. రకం తప్పులు పూర్తిగా పోయాయి. ఆ ఆరింటిలో మూడు తూకం కూడికలే, వాటిని ఆ ఏడు ముట్టుకోలేదు కదా. పేర్ల విషయంలో ఇంకా నలభై జతలు తేలక మిగిలాయి. అవి ఒకరేనో, ఇద్దరో గుమాస్తాకు కూడా తెలియదు. ఫోను చేస్తే కొందరు పలకలేదు. వాటి మీద ఎర్ర గుర్తు పెట్టి ఉంచారు. జనవరిలో కొత్త పంటతో ఆ రైతులు యార్డుకు వచ్చినప్పుడు, పట్టీ ఇచ్చే ముందు ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారట. అంతవరకు ఆ ఖాతాలకు చెల్లింపు చెక్కుల మీదనే, అదీ చేతికి ఇచ్చి సంతకం తీసుకున్న మీదట.